గంజి వదలని అంగీలు

అనగా అనగా అనగానే అందరూ రాజుగారి కోసం చూస్తారు. ఈ కథలో రాజు లేడు. రాణి లేదు. గుర్రం కూడా లేదు. ఒక గాడిద ఉంది, అదీ అరువుది. ఈ కథలో ఉన్నది చనిపోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించే ఒక మనిషి. ఆమె పేరు రుమ్మానా. వాళ్ల భాషలో రుమ్మానా అంటే దానిమ్మపండు.

ఎప్పటి మాట అంటే, మన ముత్తవ్వల ముత్తవ్వలు ఇంకా పుట్టని కాలం. ఎక్కడ అంటే, పడమట, ఎడారి అవతల, రెండు నదుల నడుమ, ఖర్జూరపు తోటల్లో ఒక పట్నం. ఆ పట్నానికి పేరు ఉండే ఉంటుంది. ఇన్ని నోళ్లు దాటి వచ్చేసరికి ఆ పేరు ఏ నోట్లోనో జారిపోయింది. రుమ్మానా పేరు జారిపోలేదు. అది జారకూడదనే ఈ కథ చెప్పడం.

ఆ పట్నంలో ఒక దవాఖానా ఉండేది. మనం ఇప్పటికీ అనే ఆ మాట ఆ దిక్కు నుంచే నడిచి వచ్చింది. నడుమ నీళ్ల తొట్టి, చుట్టూ పెద్ద పెద్ద వసారాలు. జ్వరాలకు ఒకటి, కళ్ల జబ్బులకు ఒకటి, విరిగిన ఎముకలకు ఒకటి, మనసు చెదిరినవాళ్లకు ఒకటి. మనసు చెదిరినవాళ్ల దగ్గర రోజూ సాయంత్రం ఒక పెద్దాయన కూర్చుని తీగెల వాద్యం వాయించేవాడు. ఆడవాళ్లకు వేరే వైపు. వచ్చినవాళ్లను నీ మతమేమిటని అడిగేవాళ్లు కారు. ఏం తెచ్చావని అడిగేవాళ్లు కారు. ఎక్కడ నొప్పి అని మాత్రం అడిగేవాళ్లు.

ఆ దవాఖానాకు ఒక ఆనవాయితీ ఉంది. రోగికి నయమైందని ఎలా తెలుస్తుంది? గురువారం పొద్దున రోగి ముందు ఒక కోడిని, ఒక రొట్టెను పెడతారు. ముక్క కాదు, మొత్తం కోడి. తుంచింది కాదు, మొత్తం రొట్టె. రోగి కూర్చుని, ఆఖరి ఎముక దాకా చీకి, రొట్టెతో పళ్లెం తుడిచి తినేస్తే నయమైనట్టు. అప్పుడు ఒక కొత్త అంగీ ఇస్తారు. తెల్ల నూలు అంగీ, కింద వేలెడు వెడల్పున నీలి అంచు. దిట్టంగా గంజి పెట్టి, మడతలు కత్తి అంచుల్లా నిలిచి ఉంటాయి. అది తొడుక్కుని రోగి ఇంటికి వెళుతుంది. పుస్తకంలో రాసుకుంటారు: ఫలానా మనిషి, ఫలానా జబ్బు, కోడి తిన్నది, నయమై వెళ్లింది.

ఇది మరిచిపోకండి. మళ్లీ వస్తుంది.

ఇక రుమ్మానా పని చెబుతాను. ఆమె చనిపోయినవాళ్లకు మూడుసార్లు నీళ్లు పోస్తుంది. మొదట రేగాకు కలిపిన నీళ్లు. తర్వాత మంచినీళ్లు. ఆఖరున కర్పూరం వేసిన నీళ్లు. ముందు కుడిపక్క, తర్వాత ఎడమపక్క. కడుగుతూ పేరు పెట్టి మాట్లాడుతుంది. "సల్మా, చెయ్యి ఎత్తుతున్నాను. సల్మా, నీళ్లు వెచ్చగానే ఉన్నాయి, భయపడకు." ఆ పనికి ఆమెకు దక్కేది చనిపోయిన మనిషి ఒంటి మీది బట్టలు. అది అక్కడి కట్టుబాటు. శవానికి తెల్లగుడ్డ చుడతారు, పాత బట్ట కడిగినామెకు పోతుంది.

ఇదీ మరిచిపోకండి. మళ్లీ వస్తుంది.

పట్నంలో ఆమె ఎదురైతే సందు మార్చుకునేవాళ్లు. ఆమె ముట్టిన పండును కొట్టువాడు మేకకు వేసేవాడు. ఆమెతో ఒకే పళ్లెంలో తినే మనిషి ఒక్కతే ఉంది. రొట్టెలు కాల్చి అమ్మే తురయ్యా. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. "ఏమే, ఆ చేతులతో ఎన్ని శవాలు కడిగితేనేం? మా తందూరులో చెయ్యి పెట్టి తీశానంటే నా చేతులంటే దెయ్యాలకే భయం" అనేది. వేడి రొట్టెను రుమ్మానా చేతికే ఇచ్చేది. నేల మీద పెట్టి జరిగేది కాదు.

ఒక ఖర్జూరాల కాలంలో రుమ్మానా స్నానం చేయించే బల్ల మీదకు తాళ్లు పేనేవాడి పెళ్లాం సల్మా వచ్చింది. ఒంటి మీద నీలి అంచు అంగీ. రుమ్మానా అంగీ విప్పి ఇంటికి తెచ్చి నీళ్లలో ముంచబోయి ఆగింది. అంగీ పెళపెళమంటోంది. గంజి పోలేదు. "పాపం, కొత్త అంగీ నాలుగు రోజులు తొడుక్కునే యోగం లేకపోయింది" అనుకుంది.

నెల తిరక్కముందే నీళ్లు మోసే హబీబా వచ్చింది. నీలి అంచు అంగీ. గంజి పోలేదు. "రాత" అనుకుంది రుమ్మానా.

తర్వాత దీపాల కొట్టు కుల్సుం వచ్చింది. నీలి అంచు అంగీ. గంజి పోలేదు. ఈసారి రుమ్మానా ఏమీ అనుకోలేదు. గడప మీద కూర్చుండిపోయింది.

బట్టలు ఉతికే చేతికి ఒక లెక్క తెలుసు. అంత దిట్టమైన గంజి మూడు ఉతుకులకు గానీ పోదు. ఆ ఊళ్లో పేదింటి ఆడది ఉన్న ఒక్క మంచి అంగీని శుక్రవారం శుక్రవారం ఉతుక్కుంటుంది. గురువారం ఇచ్చిన కొత్త అంగీని మర్నాడే ఉతకరు, పై వారం నుంచే లెక్క. మూడు శుక్రవారాలు బతికితే గంజి పోతుంది. ఒక్క శుక్రవారం చూసినా మడత విరుగుతుంది. ఈ అంగీలకు మడత కూడా విరగలేదు.

ఇది మూడోది. ఇదొక్కటి గుర్తుంటే చాలు.

ఖర్జూరాలు మళ్లీ పండేసరికి అలాంటి అంగీలు తొమ్మిది అయ్యాయి. రుమ్మానా వాటిని తొడుక్కోలేదు, అమ్మలేదు, ఉతకలేదు. ఒక పెట్టెలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. చదువు రానివాళ్ల ఇంట్లో మరుపు పగటిపూటే దొంగతనం చేస్తుంది. అందుకని రోజూ పొద్దున బావిలో చేద వేస్తూ తొమ్మిది పేర్లూ పైకి చెప్పుకునేది. ఒక పేరు తట్టకపోతే చేద సగంలో ఆపేసేది. పేరు దొరికాకే మళ్లీ తాడు లాగేది. వెనక నిలబడ్డ ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె తాడు వదిలేది కాదు.

అప్పుడు తురయ్యాకు జ్వరం వచ్చింది.

రుమ్మానా గాడిదను అరువు తెచ్చింది. తురయ్యాను ఎక్కించి తానే దవాఖానాకు తీసుకెళ్లింది. తొమ్మిది అంగీలు ఇంట్లో ఉండగా ఎందుకు తీసుకెళ్లిందీ అంటారా? ఆ జ్వరంలో మనిషిని కాపాడే చోటు అంతకు మించి లేదని ఆమెకు తెలుసు. చల్లని వసారా, శుభ్రమైన పక్క, వేళకు మందు. చేయి పట్టుకుని మూడు వారాలు దాటించేవాళ్లు. తప్పు ఎక్కడో ఆ తర్వాత ఉంది. ఆఖరి గడప దగ్గర ఉంది.

ఇరవయ్యో రోజుకు జ్వరం దిగింది. అది సోమవారం. రుమ్మానా వీధి వైపు కిటికీ దగ్గరకు వెళ్లింది. లోపల తురయ్యా దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. సగం మనిషి అయింది గానీ నోరు తగ్గలేదు.

"ఏం తెచ్చావే?"

"ఏమీ తేలేదు."

"ఇరవై రోజులుగా బార్లీ జావ తాగుతున్నాను. రోజూ కలలో కోళ్లు వచ్చి వరసగా కూర్చుంటున్నాయి, నన్ను తిను, నన్ను తిను అని. గురువారం నాకు కోడి పెడతారట."

రుమ్మానా కిటికీ ఊచ పట్టుకుంది.

"ఆ కోడి తినకు తురయ్యా."

"పిచ్చి పట్టిందా?"

"సల్మా తిన్నది, నాలుగో నాడు నా దగ్గరకు వచ్చింది. హబీబా తిన్నది, ఆరో నాడు వచ్చింది. కుల్సుం తిన్నది..."

"ఆగవే" అంది తురయ్యా. "నీ దగ్గరకు వచ్చేది చచ్చినవాళ్లే. బతికినవాళ్లు నీ దగ్గరకు ఎందుకొస్తారు, స్నానానికా? కోడి తిని బతికిన వాళ్లెందరో నీకేం తెలుసు?"

రుమ్మానా ఊచ వదిలేసింది.

"ఇంకో మాట విను. ఇన్నాళ్లూ తందూరు మా మరదలు చూసింది. దానికి నెలలు నిండాయి, శుక్రవారం పుట్టింటికి పోతోంది. మూడు రోజులు నిప్పు ఆరితే తందూరు ఇంకొకరిది. అది మా సంత కట్టుబాటు, నీకు తెలుసు. నేను గురువారం కోడి తినాలి, శుక్రవారం పిండి పిసకాలి. అంతే."

రుమ్మానా ఇంటికి నడిచింది. బతికినవాళ్లు నీ దగ్గరకు ఎందుకొస్తారు? ఆ మాట అడుగడుగునా వెంట వచ్చింది. అబద్ధమైతే తోసేయవచ్చు. అది నిజం. ఇంటికి వచ్చి పెట్టె తెరిచింది. పెట్టెలోకి కాక, తన ఒంటి మీద ఉన్న అంగీ వైపు చూసుకుంది. అదీ నీలి అంచు అంగీయే. కళ్ల జబ్బు నయమై వెళ్లి, ఏళ్ల తర్వాత ముసలితనంతో పోయిన ఒక అవ్వది. ఎన్ని ఉతుకులు చూసిందో, పిల్లి చెవిలా మెత్తగా ఉంది. చెయ్యి విరిగి వెళ్లినామెదీ అలాగే మెత్తగా వచ్చింది. కోడి అందరూ తిన్నారు. గంజి పోకముందే వచ్చింది మాత్రం మూడు వారాల జ్వరం వాళ్లే. తొమ్మిదికి తొమ్మిదీ. కడిగేటప్పుడు తొమ్మిది మంది పొట్టలూ పలకలా గట్టిగా ఉన్నాయి. అది ఆమె చేతికి గుర్తుంది.

"నువ్వు అడిగింది మంచి ప్రశ్నేనే తురయ్యా" అంది పైకి. "జవాబు ఉంది." పెట్టె మూసింది.

మంగళవారం రుమ్మానా దవాఖానా గుమ్మం దగ్గరకు వెళ్లింది. కావలివాడు కైసాన్ కర్ర అడ్డం పెట్టాడు.

"వరస తప్పావు. ముందు మేం పంపాలి, తర్వాత నువ్వు రావాలి" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

"హకీంగారితో ఒక్క మాట నాయనా."

"ఆయన బతికినవాళ్లకు వైద్యం చేస్తారు. నిన్ను చూశారంటే లోపల దిగిన జ్వరాలన్నీ మళ్లీ ఎక్కుతాయి. పో."

ఆమె పోలేదు. గుమ్మం ఎదురుగా గోడ నీడలో కూర్చుంది. నీడ జరిగింది, ఆమె కూడా జరిగింది. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. కైసాన్ చివరికి గొంతు తగ్గించి అన్నాడు, "రేపు ఆయన ఫిర్యాదులు వినే రోజు. అందరిలాగే వరసలో నిలబడు. నేను చెప్పానని చెప్పకు."

బుధవారం వరసలో నిలబడింది. ముందున్నవాళ్లు, వెనకున్నవాళ్లు దూరం జరిగారు. ఆమెకు గాలి బాగా తగిలింది.

హకీం ఫీరోజ్ ఆ దవాఖానాకు పెద్ద. నలభై ఏళ్లుగా నాడి చూసిన చెయ్యి. మూడు భాషల్లో చదవగలడు. కోపం లేని మనిషి. ఆమె చెప్పిందంతా విన్నాడు. పుస్తకం తెప్పించి తిరగేశాడు.

"అమ్మా, సల్మా ఇదిగో. కోడి తిన్నది, నయమై వెళ్లింది. హబీబా, కోడి తిన్నది, నయమై వెళ్లింది. మా పుస్తకంలో వీళ్లు బతికారు."

"మీ పుస్తకం గుమ్మం దాకానే చూసింది హకీంగారూ. గుమ్మం దాటాక నేను చూశాను."

"నీకు చదువు వచ్చా?"

"రాదు. కడగడం వచ్చు."

ఆయన నొచ్చుకోలేదు. "ఇంటికి వెళ్లాక మనిషికి ఎన్నో జరుగుతాయి. చెడ్డ నీళ్లు తాగుతారు. ఎండలో తిరుగుతారు. ఆయువు తీరిపోతుంది. ఆకలి తిరిగి రావడం ఆరోగ్యానికి గుర్తు. మా గురువులు చెప్పారు, వాళ్ల గురువులు చెప్పారు. ఒక మనిషి మాట మీద నేను దాన్ని తిప్పలేను."

"ఏది చూపిస్తే తిప్పుతారు?"

హకీం ఆమె వైపు చూశాడు. నలభై ఏళ్లలో ఆయనను ఆ మాట ఎవరూ అడగలేదు. "కంటికి కనిపించేది. చేతికి తగిలేది" అన్నాడు.

"మంచిది" అంది రుమ్మానా.

గురువారం వచ్చింది.

పొద్దున్నే రుమ్మానా పెద్ద మూట నెత్తిన పెట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. కైసాన్ కర్ర అడ్డం పెట్టాడు.

"మళ్లీనా? మూటలో ఏముంది?"

"దవాఖానా సొత్తు. తిరిగి ఇవ్వడానికి వచ్చాను."

దవాఖానా సొత్తు తెచ్చినవాళ్లను ఆపడానికి కావలివాడికి హక్కు లేదు. కైసాన్ కర్ర తీశాడు. కానీ మూటలో ఏముందో చూడాలని వెంటే వచ్చాడు.

ఆడవాళ్ల వైపు వాకిట్లో పళ్లేలు వరసగా ఉన్నాయి. ఒక్కో పళ్లెంలో ఒక కోడి, ఒక రొట్టె. పళ్లేల ముందు రోగులు. హకీం ఫీరోజ్, ఆయన శిష్యులు అటూ ఇటూ నడుస్తున్నారు. మూడో పళ్లెం ముందు తురయ్యా. అప్పుడే కోడి కాలు ఊడదీసి చేత పట్టుకుంది.

రుమ్మానా వాకిలి మధ్య మూట దించింది. విప్పింది. ఒక్కో అంగీ తీసి నేల మీద పరిచింది. పరుస్తూ పేరు చెప్పింది. బావి దగ్గర చెప్పుకున్నట్టే చెప్పింది. తొందర లేదు.

"తాళ్లు పేనేవాడి పెళ్లాం సల్మా. నీళ్లు మోసే హబీబా. దీపాల కొట్టు కుల్సుం. చాపలల్లే సుమయ్యా. దర్జీ ఇంటి కోడలు లుబ్నా."

ఆరో అంగీ చేతిలోకి తీసుకుని ఆగింది. వెనక్కి తిరిగింది.

"దీని పేరు నువ్వు చెప్పు కైసాన్."

కైసాన్ అంగీ వైపు చూశాడు. మెడ దగ్గర ఎర్రదారంతో కుట్టిన చిన్న గుర్తు ఉంది. అది అతని ఇంట్లో కుట్టిన గుర్తు.

"మా అత్త రాబియా" అన్నాడు. "మా పెళ్లాం తల్లి. ఇక్కడి నుంచే తీసుకెళ్లాను. నయమైందని వీధి వీధికీ చెప్పుకున్నాను. ఐదో నాడు పోయింది. దిష్టి తగిలిందనుకున్నాం."

రుమ్మానా మిగిలిన మూడూ పరిచింది. "ఏడాది కిందట పెళ్లయిన మైమూనా. గొర్రెలు కాసే అరూబా. పేరు తెలియని పరదేశి. ఆమెను నేను అక్కా అని పిలిచి కడిగాను."

రుమ్మానా హకీం వైపు తిరిగింది.

"హకీంగారూ, చేతికి తగిలేది తెమ్మన్నారు. తాకి చూడండి."

ఆయన వంగి మొదటి అంగీ అంచు వేళ్ల నడుమ నలిపాడు. అది పెళపెళమంది. రెండోది నలిపాడు. మూడోది నలిపాడు.

"గంజి" అన్నాడు.

"ఒక్క ఉతుకు కూడా పడలేదు. ఇప్పుడు ఇది తాకండి." రుమ్మానా తన ఒంటి మీది అంగీ అంచు పట్టి చూపింది. "ఇదీ మీరిచ్చిందే. కళ్ల జబ్బు నయమై వెళ్లిన అవ్వది. కోడి ఆమె కూడా తిన్నది. ఎంత మెత్తగా ఉందో చూడండి. కళ్లు, ఎముకలు, పుండ్లు, వాళ్లందరి అంగీలూ నా దగ్గరకు మెత్తగా వచ్చాయి. పెళపెళమంటూ వచ్చినవి ఈ తొమ్మిదే. తొమ్మిదీ మూడు వారాల జ్వరమే, తొమ్మిది మంది పొట్టలూ పలకలా గట్టిపడ్డవే. మీ పుస్తకంలో చూసుకోండి."

ఒక శిష్యుడు అన్నాడు, "కొత్త బట్టను దాచుకున్నారేమో. పండగకు తొడుక్కుందామని."

"మా అత్తకు ఇంకో అంగీ లేదు" అన్నాడు కైసాన్.

హకీం ఇంకా వంగే ఉన్నాడు. ఆయన గురువులు అన్నారు, వాళ్ల గురువులు అన్నారు, ఆకలి ఆరోగ్యానికి గుర్తు అని. ఆయన ఇంకో అంగీ అంచు నలిపాడు.

అప్పుడు తురయ్యా చేతిలోని కోడి కాలును చూసుకుంది. నేల మీది అంగీలను చూసింది. మళ్లీ కోడి కాలును చూసింది.

"హకీంగారూ, నేను రొట్టెలమ్ముకునే దాన్ని. నాకు వైద్యం తెలియదు. మా తందూరులో మందపాటి రొట్టె ఒకటి చేస్తాం. పైన ఎర్రబడగానే తీసేవాళ్లు కొత్తవాళ్లు. చూడ్డానికి బంగారంలా ఉంటుంది. విరిస్తే లోపల పచ్చి పిండి. ఈ ఆకలి ఉందే, అది పై రంగే కావచ్చు. లోపల ఇంకా ఉడకలేదేమో."

కోడి కాలును పళ్లెంలో పెట్టింది. పళ్లేన్ని రెండు చేతులతో ముందుకు తోసింది.

"తీసుకుపొండి, నా మనసు మారకముందే. ఇంత పెద్ద దానం నేనెప్పుడూ చేయలేదు."

హకీం ఫీరోజ్ లేచి నిలబడ్డాడు. "జ్వరం వాళ్ల పళ్లేలు తీసేయండి" అన్నాడు.

వాళ్లకు ఇంకో రెండు వారాలు జావే ఇమ్మన్నాడు. ఆ తర్వాత నానబెట్టిన రొట్టె, ఆ తర్వాత మెత్తని మాంసపు చారు, ఆఖరున కోడి అన్నాడు. తురయ్యా ఏడ్చింది. చావు తప్పినందుకు కాదు, రెండు వారాల జావ తలుచుకుని.

"మరి నా తందూరు?"

"నేను చూస్తాను" అంది రుమ్మానా.

"నువ్వు కాల్చిన రొట్టె ఎవరు కొంటారే?"

"ఎవరూ కొనరు. కొనాలని ఎవరన్నారు? నిప్పు ఆరకూడదన్నారు."

శుక్రవారం నుంచి రుమ్మానా తందూరు ముందు కూర్చుంది. పిండి పిసికింది, రొట్టెలు కాల్చింది. ఊరివాళ్లు ఒక్కరూ కొనలేదు. ఆమె ఎవరో తెలియని ఒంటెలవాళ్లు కొన్ని తిన్నారు. మిగతావి కుక్కలు తిన్నాయి. ఆ మూడు వారాలు ఆ సంతలో కుక్కలు దుక్కల్లా అయ్యాయి. కానీ నిప్పు ఒక్క రోజు కూడా ఆరలేదు. సంతపెద్ద మూడుసార్లు వచ్చి చూసి మూడుసార్లూ ఊరికే వెళ్లాడు.

ఆ తర్వాత మూడో గురువారం తురయ్యా కోడి తిన్నది. అంగీ తొడుక్కుంది. ఆమె గుమ్మం దాటబోతుంటే రుమ్మానా హకీం ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు పుస్తకంలో ఏం రాస్తారు?"

"కోడి తిన్నది, నయమై వెళ్లింది అని."

"వెళ్లింది అని మాత్రం రాయండి. నయమైంది అన్నది ఆపండి. ఎవరైనా ఇంటికి వెళ్లి చూసి వచ్చాక రాయండి."

"మా శిష్యులకు ఈ సందులు తెలియవు. ఎవరు వెళతారు?"

"నాకు ప్రతి గడపా తెలుసు. ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకసారి శవం కోసం వెళ్లినదాన్నే."

హకీం ఒప్పుకున్నాడు. కానీ చిక్కు ఎక్కడొచ్చిందో ఊహించండి. రుమ్మానా వెళ్లి మొదటి తలుపు తట్టింది. దవాఖానా నుంచి వారం కిందట వచ్చిన ఇల్లాలు తలుపు తీసింది. ఎదురుగా శవాలు కడిగే మనిషి. "నేనింకా బతికే ఉన్నాను తల్లీ, నిన్నెవరు పిలిచారు" అని తలుపు వేసేసింది. రెండో ఇంట్లో గొడ్డలి తీశారు. మూడో ఇంట్లో అప్పుడే ఏడుపు మొదలుపెట్టారు.

విషయం విని తురయ్యా పడీ పడీ నవ్వింది. తర్వాత చేతులకు పిండి దులుపుకుని లేచింది.

"పద. తలుపు నేను తడతాను. నువ్వు నా వెనక ఉండు."

అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రాలు ఇద్దరూ కలిసి తిరిగేవాళ్లు. తురయ్యా తలుపు తట్టేది, చేతిలో వేడి రొట్టె ఉండేది. తలుపు తెరుచుకున్నాక రుమ్మానా ముందుకు వచ్చి అంగీ అంచును వేళ్ల నడుమ నలిపి చూసేది. మొదటి శుక్రవారం మడత విరిగేది. రెండో శుక్రవారం పెళపెళ తగ్గేది. మూడో శుక్రవారం మెత్తన. "గంజి పోయింది" అనేది రుమ్మానా. ఆ మాట వెళ్లి హకీంకు చెప్పేది. అప్పుడే పుస్తకంలో నయమైంది అని రాసేవాళ్లు. ఎవరికైనా మళ్లీ ఒళ్లు వెచ్చబడితే ఆ పూటే దవాఖానాకు చేర్చేవాళ్లు.

ఆ ఏడాది గంజితో వచ్చిన అంగీలు రెండు. మరుసటి ఏడాది ఒకటి. వచ్చిన ప్రతిసారీ హకీం ఫీరోజ్ తానే వచ్చి, బల్ల పక్కన నిలబడి, ఎక్కడ తప్పిందో అడిగి తెలుసుకునేవాడు. ఆ తొమ్మిది అంగీలను దవాఖానా గోడకు తగిలించాడు. వైద్యం నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా, మొదటి రోజు పుస్తకం తెరవకముందు ఆ తొమ్మిది అంచులూ నలిపించేవాడు, తొమ్మిది పేర్లూ చెప్పించేవాడు. తొమ్మిదో పేరు దగ్గర అందరూ "అక్క" అనేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. రుమ్మానా ముసలిదైంది. బావి దగ్గర చేద సగంలో ఆగిపోవడం ఎక్కువైంది. అయితే ఇప్పుడు వెనక నిలబడ్డ ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు కారు. ఆమె ఆగిన చోట పేరు అందించేవాళ్లు. "సుమయ్యా, అవ్వా. చాపలల్లే సుమయ్యా." ఆమె తలూపి తాడు లాగేది.

ఒక రోజు రుమ్మానా పోయింది. అందరికీ స్నానం చేయించిన మనిషికి స్నానం ఎవరు చేయిస్తారు? ఊరంతా ఆ మాటే అనుకుంది. తురయ్యా చేతులకు పిండి దులుపుకుని లేచింది. "రుమ్మానా, చెయ్యి ఎత్తుతున్నాను. రుమ్మానా, నీళ్లు వెచ్చగానే ఉన్నాయే" అంటూ మొదలుపెట్టింది. మూడోసారి నీళ్లు పోయబోతూ తలెత్తి చూసింది. వాకిట్లో ఆడవాళ్లు. సందులో ఆడవాళ్లు. సందు చివరి దాకా ఆడవాళ్లు. ఎప్పుడో ఒకప్పుడు ఆమె ఎవరెవరి అంచు నలిపి చూసిందో వాళ్లంతా. ఒక్కొక్కరి చేతిలో ఒక చెంబు నీళ్లు. ఒకప్పుడు ఆమెను చూసి సందు మారినవాళ్లు ఇప్పుడు ఆ సందులోనే నిలబడి వంతు కోసం చూశారు.

కడిగినామెకు దక్కేది ఒంటి మీది బట్ట. తురయ్యా ఆ పాత నీలి అంచు అంగీని తీసుకుని అంచు నలిపి చూసింది. పిల్లి చెవిలా మెత్తగా ఉంది.

"గంజి ఎప్పుడో పోయిందే" అంది.

హకీం తన వైద్య గ్రంథంలో ఈ సంగతి రాశాడట. "శవాలు కడిగే ఒక స్త్రీ చెప్పగా తెలిసింది" అని రాశాడట. పేరు రాయలేదు. తర్వాత ఆ పట్నం మీదకు సైన్యం వచ్చింది, పుస్తకాలన్నీ నది పాలయ్యాయి. గోడ మీది అంగీలు చీకిపోయాయి. గోడ కూడా కూలింది. రాసిపెట్టిన పేర్లు సిరాతో పాటు నీళ్లలో కరిగిపోయాయి. నోటితో అనుకున్న పేరు మిగిలింది.

ఇప్పటికీ ఆ ఖర్జూరాల దేశంలో జ్వరం నుంచి లేచినవాళ్లకు కొత్త బట్ట పెడతారట. గంజి పెట్టే ఇస్తారట. మూడు శుక్రవారాలు ఎవరో ఒకరు రొట్టె తీసుకుని ఆ ఇంటికి వెళతారట. వెళ్లినవాళ్లు బాగున్నావా అని అడగరు. బాగున్నానని ఎవరైనా అంటారు, పైన ఎర్రబడిన రొట్టె కూడా అంటుంది. దగ్గరకు వచ్చి అంచు పట్టుకుని అడుగుతారు.

"గంజి పోయిందా?"

పోకపోతే పోలేదనే చెప్పాలి. సిగ్గుపడకూడదు, దాచకూడదు. చెబితే వాళ్లు వచ్చేవారం మళ్లీ వస్తారు. పోయిన రోజున మాత్రం, రుమ్మానా పేరు ఒకసారి పైకి అని, అప్పుడు చెబుతారు.

"పోయింది."